ముందు దిగడం నేర్చుకోండి

విమానం అనగానే మనం అడిగే ప్రశ్నలు మూడు. ఎంత ఎత్తుకు పోతుంది? ఎంత వేగంగా పోతుంది? ఎంతసేపు ఎగురుతుంది? పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలో ఎవరైనా ఒక మోడల్ విమానాన్ని తెచ్చి పెడితే, చూడవచ్చిన వారందరూ ఈ మూడు ప్రశ్నలే వేస్తారు. "ఇది దిగమన్న చోట దిగుతుందా?" అని అడిగేవారు అరుదు. నిజానికి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదే.

మీలో కొందరు రేడియోతో నడిచే గ్లైడరు తయారు చేయాలని ఉబలాటపడుతూ ఉంటారు. కొందరు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటారు. మీకు ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. గ్లైడరుకు మోటారు తర్వాత చూసుకోవచ్చు, రంగులు తర్వాత వేసుకోవచ్చు. ముందుగా దాని రెక్కలకు స్పాయిలర్లు అమర్చండి. వాటితో దిగడం నేర్చుకోండి. అది వచ్చిన తర్వాతనే ఎత్తు గురించి ఆలోచించండి. ఈ సలహా ఎక్కడి వారికైనా పనికివస్తుంది. కృష్ణా డెల్టాలో ఉన్న మీకు మరీ అవసరం. ఎందుచేతనంటారా?

మన చేలు ఎలా ఉంటాయి?

బందరు నుంచి విజయవాడ పోయే దారిలో గూడూరు దగ్గర బస్సు దిగి నాలుగు వైపులా చూడండి. నేల బల్లపరుపుగా ఉంటుంది. ఇంత చదునైన చోట గ్లైడరు దింపడం ఎంత తేలికో అనిపిస్తుంది. కాస్త పరిశీలనగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. చేనుకూ చేనుకూ మధ్య గట్టు, గట్టు మీద తాడిచెట్లు. పక్కనే పంటకాలువ, దానికి అవతల మురుగుకాలువ. గుడివాడ వైపు వెళితే చేపల చెరువులు, బందరు వైపు వెళితే రొయ్యల చెరువులు. వీటన్నిటి మీదుగా కరెంటు తీగలు.

పోనీ, వరికోతలు అయ్యాక చేలు ఖాళీగా ఉంటాయి కదా అంటారేమో! కృష్ణా డెల్టాలో కోతకు ముందే, వరి ఇంకా నిలబడి ఉండగానే, తడి నేలలో మినుములు చల్లడం రైతుల అలవాటు. కుప్పలు వేసేనాటికి మొలకలు వచ్చి ఉంటాయి. పైనుంచి చూస్తే ఖాళీగా కనిపించే చేను ఖాళీ కాదు. అందులో దిగిన గ్లైడరు కోసం ముగ్గురు పిల్లలు పరుగెత్తితే ఒక రైతు మొలకలు నలిగిపోతాయి. కాబట్టి గ్లైడరు చెప్పిన చోట దిగకపోతే చెడేది మీ బొమ్మ ఒక్కటే కాదు.

ఒక ఎకరం చేను సరిగ్గా చదరంగా ఉన్నదనుకోండి. దాని ఒక్కొక్క పక్క సుమారు 64 మీటర్లు ఉంటుంది. ఈ సంఖ్యను గుర్తు పెట్టుకోండి.

మంచి గ్లైడరుతో వచ్చే చిక్కు

2 మీటర్ల రెక్కలు గల ఒక మామూలు గ్లైడరును ఉదాహరణగా తీసుకుందాం. అది 1 మీటరు కిందికి దిగేలోగా 15 మీటర్లు ముందుకు పోతుందనుకోండి. 10 మీటర్ల ఎత్తులో, అంటే ఒక తాడిచెట్టు ఎత్తులో, మీ చేను అంచుకు వచ్చింది. గాలి లేని సమయంలో అది నేలను తాకడానికి ఎంత దూరం పోవాలి? 150 మీటర్లు! మీ చేను 64 మీటర్లే. అది మీ చేను దాటి, పక్క చేను దాటి, ఆ పైచేనులోనో కాలువలోనో దిగుతుంది. గ్లైడరు ఎంత బాగా తయారైతే ఈ చిక్కు అంత ఎక్కువవుతుంది.

అటువంటప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. ముక్కు కిందికి వంచి గ్లైడరును నేల వైపు దూకిస్తారు. ఎత్తు తగ్గుతుంది, నిజమే. ఆ ఎత్తు ఏమైపోయింది? మీరు చదువుకున్న స్థితిజ శక్తి, గతిజ శక్తి పాఠాన్ని గుర్తు చేసుకోండి. సెకనుకు 8 మీటర్ల వేగంతో వస్తున్న గ్లైడరు 10 మీటర్లు దూకితే, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, దాని వేగం సెకనుకు సుమారు 16 మీటర్లు అవుతుంది. మీరు పోగొట్టాననుకున్న ఎత్తు వేగం రూపంలో దానిలోనే దాగి ఉన్నది. నేల దగ్గర ముక్కు ఎత్తగానే మళ్ళీ తేలిపోతుంది, లేదా ఆ వేగంతోనే గట్టును గుద్దుకుంటుంది.

కాబట్టి మనకు కావలసింది ఎత్తును వేగంగా మార్చే ఉపాయం కాదు. అదనంగా ఉన్న శక్తిని గాలిలోకి వదిలేసే ఉపాయం కావాలి. ఆ ఉపాయమే స్పాయిలరు.

స్పాయిలరు అంటే?

రెక్క పైభాగాన సన్నని పలక ఒకటి అమర్చుతారు. మూసి ఉన్నప్పుడు అది రెక్కలో కలిసిపోయి ఉంటుంది. తెరిచినప్పుడు నిలువుగా లేస్తుంది. రెక్క మీదుగా నునుపుగా సాగుతున్న గాలి ఆ పలకకు తగిలి చెదిరిపోతుంది. అక్కడ రెక్కను పైకెత్తే బలం తగ్గుతుంది, వెనక్కు లాగే నిరోధం పెరుగుతుంది. రెండూ కలిసి గ్లైడరు వేగం పెరగకుండానే ఏటవాలుగా కిందికి వస్తుంది. పైకెత్తే బలాన్ని చెడగొడుతుంది గనుకనే ఇంగ్లీషులో దానికి ఆ పేరు వచ్చింది.

గన్నవరం విమానాశ్రయంలో దిగే పెద్ద విమానాలకు కూడా ఇవి ఉంటాయి. ఎప్పుడైనా రెక్క పక్క కిటికీ దగ్గర కూర్చునే అవకాశం వస్తే గమనించండి. చక్రాలు నేలను తాకగానే రెక్క మీద పలకలు వరుసగా లేచి నిలబడతాయి. విమానం బరువు రెక్కల మీద నుంచి చక్రాల మీదికి దిగి బ్రేకులు బాగా పట్టడానికే ఆ ఏర్పాటు. మనుషులు ఎక్కే గ్లైడర్లకు 1930 దశకంలో జర్మనీలో ఇటువంటి గాలి బ్రేకులు వాడుకలోకి వచ్చాయి. గ్లైడర్లు మరీ నునుపుగా తయారై చిన్న మైదానాలలో దిగకుండా తేలిపోతూ ఉండడమే అందుకు ఒక ముఖ్య కారణం. నేడు మీ ముందున్న చిక్కు కూడా అదే.

అమర్చే పద్ధతి

రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు ఉంటే, ముందంచు నుంచి సుమారు 8 సెంటీమీటర్ల దూరంలో, లోపలి దూలానికి వెనుకగా స్పాయిలరును పెట్టండి. పలక పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు 2.5 సెంటీమీటర్లు ఉంటే చాలు. పలుచని బాల్సా చెక్క సరిపోతుంది. పలక ముందంచు దగ్గర అంటుకునే టేపుతో మడతబందు చేయాలి. వెనుకంచు పైకి లేవాలి. స్పాయిలర్లు రెక్క కొసలకు పోకూడదు, మొండేనికి దగ్గరగా ఉండాలి. కొసలలో గాలి చెదిరితే గ్లైడరును నిటారుగా నిలబెట్టుకోవడం కష్టమవుతుంది.

పలకను లేపడానికి ఒక్కొక్క రెక్కలో ఒక్కొక్క చిన్న సర్వో పెట్టవచ్చు. ఖర్చు తగ్గించుకోవాలంటే మొండెంలో ఒకే సర్వో పెట్టి, రెండు పలకలకు సాగని దారం కట్టి లాగవచ్చు. దారం పద్ధతిలో పలకను మూసి ఉంచడానికి చిన్న స్ప్రింగు గాని, చిన్న అయస్కాంతం గాని ఉండాలి. రెక్క పైన గాలి పీడనం తక్కువ గనుక, అదుపు లేని పలక దానంతట అదే పైకి లేస్తుంది.

ఇక ముఖ్యమైన మూడు పరీక్షలు. ఒకటి, మూసినప్పుడు రెండు పలకలూ రెక్కతో సమంగా ఉన్నాయా? రెండు, తెరిచినప్పుడు రెండూ ఒకేసారి, ఒకే కోణంలో లేస్తున్నాయా? ఒకటి ముందుగా లేస్తే గ్లైడరు ఆ పక్కకు ఒరిగిపోతుంది. మూడు, మీట సగం లాగితే పలకలు నిజంగా సగమే లేస్తున్నాయా? ఈ పరీక్షలు ఒకనాడు చేసి ఊరుకునేవి కావు. సైకిలు ఎక్కేముందు బ్రేకు నొక్కి చూసినట్లు, ఎగరేసే ప్రతిసారీ చేయాలి.

స్పాయిలర్లకు ఎడమ చేతి నిలువు మీటను ఉపయోగించడం మంచిది. మీట ముందుకు ఉంటే మూత, మీ వైపు లాగితే బ్రేకు. చేతికి ఆ అలవాటు ఒకసారి పడితే కంగారులో కూడా తప్పదు. ఆ మీటను మోటారుకు వాడే గ్లైడరైతే, ఏ స్థానంలో ఏది పనిచేస్తుందో నేల మీదనే పదిసార్లు సరిచూసుకోండి.

ఎత్తులో పరీక్ష

స్పాయిలర్లు తెరవగానే కొన్ని గ్లైడర్లు ముక్కు ఎత్తుతాయి, కొన్ని దించుతాయి. మీది ఏ రకమో నేల దగ్గర తెలుసుకోవడం ప్రమాదం. 50 మీటర్లకు తక్కువ కాని ఎత్తులో, గాలికి ఎదురుగా, తిన్నగా ఎగురుతున్నప్పుడు నెమ్మదిగా తెరిచి చూడండి. ముక్కు లేస్తే, స్పాయిలర్లతోపాటు ఎలివేటరు కూడా కొద్దిగా కిందికి కదిలేలా ట్రాన్స్‌మిటరులో సర్దండి. ముక్కు వాలితే అందుకు విరుద్ధంగా చేయండి. మొదట ఒకటి రెండు మిల్లీమీటర్లతో మొదలుపెట్టాలి.

స్పాయిలర్లు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు రెక్కల బలం కొంత తగ్గి ఉంటుంది. అందుచేత వేగం పోనివ్వకూడదు. ముక్కు మామూలుకంటే కొంచెం కిందికి ఉండాలి. వేగం మరీ తగ్గితే రెక్క మీద గాలి పూర్తిగా విడిపోయి గ్లైడరు రాయిలా పడుతుంది. దానినే స్టాల్ అంటారు. ఎత్తులో స్టాల్ అయితే పాఠం, నేల దగ్గర అయితే నష్టం.

దిగే లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మన గ్లైడరు వేగం సెకనుకు 8 మీటర్లు. ఎదురుగాలి సెకనుకు 3 మీటర్లు. నేల మీద అది సెకనుకు 5 మీటర్లే ముందుకు వస్తుంది. ఎత్తు 10 మీటర్లు.

స్పాయిలర్లు మూసి ఉంటే, 1 మీటరుకు 15 మీటర్ల చొప్పున, సుమారు 94 మీటర్లు పోయి దిగుతుంది. సగం తెరిస్తే, 1కి 8 చొప్పున అనుకుందాం, 50 మీటర్లు పోతుంది. పూర్తిగా తెరిస్తే, 1కి 5 చొప్పున, 31 మీటర్లలో దిగుతుంది. అదే గాలి వెనుక నుంచి వీస్తూ, స్పాయిలర్లు మూసి ఉంటే? 206 మీటర్లు! ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలని పెద్దలు చెప్పడం ఎందుకో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

ఇందులోనే దిగే రహస్యమంతా ఉన్నది. గురికి 50 మీటర్ల దూరంలో, 10 మీటర్ల ఎత్తులో, సగం తెరిచిన స్పాయిలర్లతో రండి. ఎక్కువ దూరం పోయేటట్లు ఉంటే ఇంకొంచెం తెరవండి. తక్కువ పడేటట్లు ఉంటే కొంచెం మూయండి. రెండు వైపులా మీ చేతిలో నిలువ ఉన్నది. పూర్తిగా తెరిచి వచ్చేవాడికి దూరం తగ్గించుకునే దారి లేదు. మూసి వచ్చేవాడికి పెంచుకునే దారి లేదు. తక్కువ పడుతున్నదని ఎలివేటరు లాగి ముక్కు ఎత్తేవాడు స్టాల్‌ను పిలిచి తెచ్చుకుంటున్నాడు.

వరుస ఇది. ముందు గాలి వాలును ఒక గుడ్డపేలికతో చూసుకోండి. మీరున్న డెల్టాలో మధ్యాహ్నం దాటాక తరచు సముద్రపు గాలి తిరుగుతుంది. పొద్దున్న చూసిన దిక్కు సాయంకాలానికి పనికిరాదు. గురికి ఒక పక్కగా నిలబడి, గ్లైడరును గాలివాలుగా మీ పక్క నుంచి పోనివ్వండి. తర్వాత అడ్డంగా ఒక మలుపు, ఆపైన గాలికి ఎదురుగా చివరి మలుపు. చివరి మలుపు అయ్యేసరికి రెక్కలు సమంగా ఉండాలి. గ్లైడరు మీ వైపు వస్తున్నప్పుడు దాని కుడి మీకు ఎడమగా కనిపిస్తుంది. కంగారుపడకండి. ఏ రెక్క వాలినట్లు కనిపిస్తే ఆ వైపుకే మీటను జరపండి, అది లేస్తుంది. నేల దగ్గర గాలి వేగం తక్కువ, చెట్ల చాటున మరీ తక్కువ. కాబట్టి ఆఖరి 5 మీటర్లలో వేగం కొంచెం ఎక్కువే ఉండనివ్వండి. నేలకు అడుగు ఎత్తులో ముక్కును కొద్దిగా ఎత్తితే మెల్లగా కూర్చుంటుంది.

"మోటారు ఉందిగా!"

"దిగడం తప్పితే మోటారు వేసి మళ్ళీ చుట్టి వస్తాం. ఈ స్పాయిలర్ల గొడవ ఎందుకు?" అని మీలో కొందరు అడగవచ్చు. స్పాయిలర్ల వల్ల బరువు పెరుగుతుందనీ, రెక్క కోయడం కష్టమనీ కూడా అనవచ్చు. బరువు కొంచెం పెరిగే మాట నిజమే. మోటారు మాట మాత్రం ఒప్పుకోను. బ్యాటరీ అయిపోయేది సాధారణంగా చివరి నిమిషంలోనే. చివరి నిమిషంలో చేయవలసిన పని దిగడం. సాయం అవసరమైన సమయానికే లేకుండా పోయే సాయాన్ని నమ్ముకోవడం తెలివైన పనేనా?

1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. కిలోగ్రాములకు, పౌండ్లకు మధ్య జరిగిన లెక్క పొరపాటు వల్ల తక్కువ ఇంధనంతో బయలుదేరింది. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్ గిమ్లీ అనే చోట ఉన్న పాత వైమానిక స్థావరానికి దాన్ని తీసుకువచ్చాడు. చూస్తే ఎత్తు ఎక్కువగా ఉన్నది. మళ్ళీ చుట్టి రావడానికి ఇంజన్లు లేవు. ఆయన గ్లైడరు నడపడం నేర్చినవాడు. విమానాన్ని ఒక పక్కకు వంచి, ముక్కును రెండో పక్కకు తిప్పి, గాలికి ఓరగా నడిపాడు. నిరోధం పెరిగి ఎత్తు పోయింది, వేగం మాత్రం పెరగలేదు. మన స్పాయిలరు చేసే పనినే ఆయన మొత్తం విమానంతో చేయించాడన్నమాట. అందులోని 69 మందీ బతికారు.

మన దేశం సంగతి చూడండి. ఇస్రో తయారు చేసిన పుష్పక్ అనే రెక్కల వాహనాన్ని 2023 ఏప్రిల్ 2న, 2024 మార్చి 22న, 2024 జూన్ 23న కర్ణాటకలోని చిత్రదుర్గ వద్ద హెలికాప్టరు నుంచి వదిలి పరీక్షించారు. మోటారు సాయం లేకుండా అది తనంతట తానే రన్‌వే వెతుక్కుని దిగింది. అంతరిక్షం నుంచి తిరిగి వచ్చే వాహనం తయారు చేయాలంటే, ముందు దిగడం సాధించాలని మన శాస్త్రజ్ఞులు భావించారు. రైట్ సోదరులు కూడా 1903 డిసెంబరు 17న ఇంజన్‌తో ఎగరడానికి ముందు, 1902లో వందలసార్లు ఇంజన్ లేని గ్లైడరుతో ఎగిరి దిగారు.

రేడియో లేనివారు ఏం చేయాలి?

రేడియో గ్లైడరు కొనగలిగే ఇళ్ళు కొద్దే. అందుకు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. థర్మోకోల్ పలకతో గాని, అట్టతో గాని చేతితో విసిరే గ్లైడరు చేయండి. ముక్కుకు కాస్త మట్టి అంటించి తిన్నగా పోయేలా సర్దండి. గాలి లేని పొద్దుటి వేళ, ఒకే ఎత్తు నుంచి, ఒకే తీరుగా పదిసార్లు విసిరి దూరాలు కొలిచి సగటు కట్టండి. తర్వాత రెండు రెక్కల పైనా 6 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు ఎత్తు ఉండే కాగితపు పట్టీలను నిలువుగా అంటించి మళ్ళీ పదిసార్లు విసరండి. ఆపైన ఒక పట్టీని తీసేసి చూడండి. సగటు ఎంత తగ్గింది? ఒకే పట్టీ ఉన్నప్పుడు ఎటు ఒరిగింది? పట్టీని ముందంచుకు జరిపితే ఏమైంది? ఈ ప్రశ్నలకు జవాబులు మీ నోటుపుస్తకంలో రాసుకున్నవారికి స్పాయిలరు గురించి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు.

ఇక రేడియోతో ఎగరేసేవారికి రెండు మాటలు. 2021లో వచ్చిన డ్రోన్ నిబంధనలు మోడల్ విమానాలకు కూడా వర్తిస్తాయి. విమానాశ్రయాలకు, రక్షణ సంస్థలకు దగ్గరగా ఎగరేయకూడదు. మీరు ఎంచుకున్న చోటు తగినదో కాదో ఉపాధ్యాయుల ద్వారా ముందే తెలుసుకోండి. చేను రైతును అడిగిన తర్వాతనే అందులో అడుగు పెట్టండి. కరెంటు తీగల మీద గాని, చెరువులో గాని పడిన గ్లైడరు కోసం మీరు వెళ్ళకండి. అది బొమ్మ. మళ్ళీ చేసుకోవచ్చు.

బహుమతి దేనికి?

ఉపాధ్యాయులకు, ప్రదర్శనలు జరిపే పెద్దలకు కూడా ఒక మనవి. ఎక్కువసేపు ఎగిరిన దానికే బహుమతి ఇస్తే పిల్లలు ఎగరడమే నేర్చుకుంటారు. దిగడం ఎవరికీ పట్టదు. అంతర్జాతీయ మోడల్ గ్లైడర్ల పోటీలలో దిగడానికి వేరే మార్కులు ఉన్నాయి. ఎలక్ట్రిక్ మోటారు గ్లైడర్లకు జరిపే ఎఫ్5జె అనే తరగతిలో, గురికి 1 మీటరు లోపల దిగితే 50 పాయింట్లు. ఆ తర్వాత ఒక్కొక్క మీటరుకు 5 చొప్పున తగ్గుతూ 10 మీటర్లు దాటితే సున్నా. మన పాఠశాలల్లో కూడా నేల మీద సున్నంతో ఒక వలయం గీసి, విసిరే గ్లైడర్లకైనా సరే, సగం మార్కులు దిగినదానికి కేటాయించండి. సున్నం ఖర్చు ఎంత!

సాయంకాలం చేలగట్టు మీద ఒక కొంగ వాలడం చూడండి. ఆఖరి క్షణంలో అది రెక్కలు వెడల్పుగా విప్పి, ఒళ్ళు నిలువుగా ఎత్తి, కాళ్ళు చాచి, తాను అనుకున్న అంగుళం మీదే కాలు పెడుతుంది. బురదలో పడదు, కాలువలో పడదు. మీ గ్లైడరు అంత చక్కగా దిగడానికి చాలాకాలం పడుతుంది. మొదటి రోజు 20 మీటర్ల దూరంలో దిగితే ఆ సంఖ్య రాసుకోండి. మరునాడు 15 అయితే అది కూడా రాసుకోండి. ఆ సంఖ్య 5కు దిగిననాడు, మీ గ్లైడరును ఎంత ఎత్తుకు పంపినా ఫరవాలేదు.